తాతగారు మళ్ళీ పడుకున్నారు

చిట్టి నాలుగు రోజులుండి పోదామని అన్నగారింటికి వచ్చింది. వచ్చిన మూడో రోజున ఆ ఇంటి వెనక షెడ్డులోంచి ఒక పాత లారీ రెండేళ్ళ తర్వాత మొదటిసారి వీధిలోకి వచ్చి, రెండు మలుపులు తిరిగి, బేకరీ ముందు ఠక్కున ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో తేలేదాకా పెట్టె సర్దేది లేదని చిట్టి అక్కడికక్కడే తీర్మానించుకుంది.

చిట్టి అంటే చిన్నపిల్లేమీ కాదు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫిర్యాదుల బల్ల దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు కూర్చుని ఆర్నెల్ల కిందటే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో, అన్నేళ్ళలో తనకు లైన్లో దొరికిన ప్రతి మగవాడూ ఏదో ఒక ఫిర్యాదు చేసినవాడేనని చెప్పేది. రిటైరయ్యాక ఇంట్లో ఒక్కతే కూర్చుని రేడియోకి సమాధానాలు చెప్పే స్థితికి వచ్చాననీ, నాలుగు రోజులు మనుషుల మధ్య ఉండి వస్తాననీ పక్కింటివాళ్ళకు చెప్పి బయల్దేరింది.

షెడ్డు వదినది. పదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న చేతిలోంచి అందుకున్న పానా, అరవై దగ్గర పడుతున్నా ఆమె కింద పెట్టలేదు. తుక్కుకి తప్ప ఎందుకూ పనికిరావని వదిలేసిన పాత లారీలను తెచ్చి, విప్పి, తోమి, లేని భాగాలు తయారుచేయించి మళ్ళీ రోడ్డెక్కించడం ఆమె పని. ఊరంతా ఆమెను మేస్త్రమ్మ అంటుంది. ఆ లారీలకు రంగులు వేసేది అన్నయ్య. సన్నటి కుంచె పట్టుకుని ఊపిరి బిగబట్టి ఆయన గీసిన బారెడు గీతను దారం పెట్టి కొలిచినా వంకర దొరకదు. మెత్తని మనిషి. చీమను తొక్కితే ఆగి చీమకు క్షమాపణ చెప్పుకునే రకం. ఇంట్లో వంట కూడా ఆయనదే. వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది కాబట్టి, వేగుతున్న ఉల్లిపాయల వాసనా డీజిల్ వాసనా అక్కడ ఎదురుపడి, కాసేపు తోసుకుని, చివరికి కలిసే లోపలికి వస్తాయి. వచ్చిన గంటలోనే చిట్టికి ఆ ఇల్లు తెగ నచ్చేసింది.

ఆ లారీకి అరవై రెండేళ్ళు. ముక్కు బారెడు ముందుకు పొడుచుకొచ్చి, దాని కింద ఇనుప పళ్ళ వరస, రెండు పక్కలా గుడ్లురిమి చూసే దీపాలు. ఇటుకల బట్టీ ఆసామి ఒకాయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న దాని మీదే ఇటుకలు తోలేవాడట. ఎప్పుడో అమ్మేసిన ఆ బండిని ఆసామి ఏళ్ళ తరబడి వెతికి, చివరికి ఒక ఉప్పు గోదాము వెనక, ఇంజన్లోంచి తీగలు మొలిచి, స్టీరింగులో పిట్ట గూడు పెట్టుకున్న స్థితిలో పట్టుకుని వదినకు అప్పగించాడు. వయసుకు మర్యాద ఇచ్చి షెడ్డులో అందరూ దాన్ని తాతగారు అనేవారు. రెండేళ్ళు పట్టింది. ఇంజను కొత్త ఊపిరి పోసుకుంది, వెనక చెక్క తొట్టి కొత్తగా లేచింది, అన్నయ్య ముదురాకుపచ్చ రంగేసి అంచులకు ఎర్ర గీతలు దిద్దాడు. పక్క ఊళ్ళో జరగబోయే పాత బళ్ళ ప్రదర్శనకు దాన్ని తనే స్వయంగా నడుపుకుంటూ వెళ్ళాలని ఆసామి ముచ్చట. అందుకింకా మూడు వారాలుంది.

బండి వీధిలోకి వచ్చిన ఆ మొదటి రోజున వదిన స్టీరింగు పట్టుకుంది. పక్కన పంపు మేస్త్రీ కూర్చున్నాడు. అతను డీజిల్ పంపులు తప్ప మరొకటి ముట్టుకోడు. వదినను అక్కా అంటాడు. లోకంలో చెడేదంతా పంపు దగ్గరే చెడుతుందని అతని నమ్మకం, తలనొప్పితో సహా. వెనక తొట్టిలో అన్నయ్యా చిట్టీ నిలబడి, ఊరేగింపులో ఉన్నట్టు అందరికీ చేతులూపుతున్నారు. బేకరీ దగ్గరికి వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

వదిన దిగి ముందు డీజిల్ ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి చూసింది. నిండుగా ఉంది. మూత పెట్టేసింది. పంపు మేస్త్రీ ఒక బోల్టు వదులు చేసి పైపులోని గాలి తీశాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచింది. గాలి పట్టిందక్కా, అంతే, అని అతను చేతులు తుడుచుకున్నాడు. పావుగంట తర్వాత బడి ముందు మళ్ళీ ఆగింది. వదిన మళ్ళీ ట్యాంకులోకి చూసింది. పంపు మేస్త్రీ బండి కిందికి దూరేలోపు అన్నయ్య బానెట్టు నిమిరి, మా నాయన కదూ, ఇంకొంచెం దూరం రా, అని బతిమాలాడు. ఆ మాటకు ఇంజను లేచింది. అన్నయ్య ఛాతీ రెండంగుళాలు వెడల్పైంది. తిరుగు ప్రయాణంలో సరిగ్గా బేకరీ ముందే మూడోసారి ఆగితే, బేకరీ ఆయన పిండి చేతులతోనే బయటికొచ్చి, వదిన ట్యాంకు చూసి పక్కకు జరగ్గానే, ముందు చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. దానికీ లేచింది.

అక్కణ్ణించి ఆ వీధి వీధంతా వైద్యులైపోయింది. తాతగారికి తలా ఒక మందు. ఎండ తగలకూడదని ఒకరు, ఎడమ పక్క ఎక్కువమంది కూర్చోకూడదని ఒకరు, కొత్త రంగు బరువెక్కువైందని ఇంకొకరు. తమ మందు పనిచేయడం ప్రతివాళ్ళూ కళ్ళారా చూసినవాళ్ళే. బండి ఎక్కడ ఆగినా కబురు బేకరీకి చేరిపోయేది. తాతగారు మళ్ళీ పడుకున్నారు, అని బేకరీ ఆయన లోపలికి చూసి గట్టిగా ప్రకటించి, తన్నడానికి బయల్దేరేవాడు.

వదినకు నిద్ర కరువైంది. ఫిల్టర్లు మార్చింది. పైపులన్నీ కొత్తవి వేసింది. పంపు మేస్త్రీ పంపును రెండుసార్లు పూర్తిగా విప్పి బిగించాడు. ట్యాంకు దింపి కడిగించారు. ట్యాంకు కింద ఉన్నంతసేపూ గోడ మేకుకు ఒక డబ్బా వేలాడదీసి, అందులోంచి గొట్టంతో డీజిల్ అందిస్తే, ఇంజను పొద్దున్న టిఫిను వేళ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా తప్పు పట్టడానికి వీల్లేకుండా నడిచింది. సంబరపడి ట్యాంకు బిగించి రోడ్డెక్కిస్తే, బేకరీ. ఆసామి రోజూ ఫోన్ చేసేవాడు. వదిన ఫోను చూసి, నువ్వే మాట్లాడు చిట్టీ, నీకు అలవాటేగా, అని ఆడపడుచు చేతిలో పెట్టేసేది.

నిజంగానే చిట్టికి అలవాటే. జనం జరిగింది చెప్పరు, తాము అనుకున్నది చెబుతారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్న చదువంతా అదే. ఫోను పనిచేయడం లేదని ఎవరైనా అంటే, ఎందుకు చెడిందంటారు అని ఆమె ఎన్నడూ అడగలేదు. ఎప్పుడు, ఎక్కడ, వానా ఎండా, చివరగా ఎవరు ముట్టుకున్నారు, ఇవే అడిగి పుస్తకంలో రాసుకునేది. నాలుగు ఫిర్యాదులు పక్కపక్కన పెడితే తప్పు తనంతట తానే లేచి నిలబడేది. అందుకని ఆమె ఒక గీతల పుస్తకం కొని తెచ్చి, బండి ఆగిన ప్రతిసారీ ఒక పేజీ రాయడం మొదలుపెట్టింది.

ఇది ఫోను కాదు చిట్టీ, చెవి దగ్గర పెట్టుకుంటే రింగు రాదు, అని వదిన వేళాకోళం చేసింది. పోనీలే, నువ్వు విప్పు, నేను రాస్తాను, అంది చిట్టి. వదిన ఒకేసారి పది మార్చేసే మనిషి. చిట్టి ఒక్కటీ మార్చకుండా పది చూసే మనిషి. ఇద్దరికీ పొత్తు కుదరదని అన్నయ్య భయపడ్డాడు కానీ, అసలు వదినా ఆడపడుచూ కలిసి ఒక పనిలో దూరితే మగవాళ్ళకే చోటుండదని ఆయనకు రెండు రోజుల్లో తెలిసొచ్చింది.

పుస్తకంలో మొదట తేలిన సంగతి విచిత్రమైంది. ట్యాంకు నిండా డీజిల్ ఉన్న రోజున బండి పదకొండు నిమిషాలకే ఆగుతోంది. సగమే ఉన్న రోజున అరగంట నడుస్తోంది. చిట్టి ఆ మాట చెబితే వదిన నమ్మలేదు. తక్కువుంటే ఆగాలి గానీ నిండుగా ఉంటే ఆగడమేమిటంది. తర్వాత కాసేపు ఆలోచించి, కడుపు నిండితే నిద్ర రాదూ మరి, తాతగారు కదా, అని తనే నవ్వేసింది. ఆ నవ్వులో ఏడుపు కూడా కొంచెం ఉంది. ప్రదర్శన ఆదివారం. ఆ రోజు గురువారం.

ఆ సాయంత్రం చిట్టి వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేజీలు తిరగేస్తోంది. పదిహేడు పేజీలు. పదిహేడుసార్లు పడుకున్నారు, పదిహేడుసార్లు లేచారు. లేవడానికి కారణం అన్న చోట ఒకసారి గాలి తీయడం, ఒకసారి తన్ను, ఒకసారి బతిమాలడం, ఒకసారి ఎవరో చెప్పులు విడిచి బండి ఎక్కడం. ఒకదానికొకటి పొంతన లేదు. రొట్టెల పిండి పిసుకుతున్న అన్నయ్య ఆమె భుజం మీంచి తొంగి చూసి మొహం చిట్లించాడు.

"ఏమిటే చిట్టీ, చక్కటి పుస్తకం మీద ప్రతి పేజీకీ టీ గ్లాసు పెట్టావు? చూడు, అన్నిటి మీదా గుండ్రటి మరకలే."

రంగుల మనిషికి మరక కనబడితే ప్రాణం పోతుంది. చిట్టి చూసింది. నిజమే, ప్రతి పేజీ మీదా అరచేతంత గుండ్రటి మరక ఉంది. కానీ తను రోడ్డు మీద టీ ఎక్కడ తాగింది? పేజీని ముక్కు దగ్గర పెట్టుకుంది. డీజిల్.

అప్పుడు గుర్తొచ్చింది. బండి ఆగగానే వదిన మూత తీసి, చేతిలో కర్ర ఉంటుంది కాబట్టి, ఇది పట్టు అని తనకు అందించేది. తను రాసుకుంటూ దాన్ని పుస్తకం మీదే పెట్టుకునేది. వదిన ట్యాంకు చూడటం తను ఎక్కడా రాయలేదు, ఎందుకంటే చూడటం ఒక పనని ఎవరికీ తోచలేదు. లేపిన మందులు పదిహేడు రకాలు. మరక మాత్రం ఒక్కటే.

చిట్టి చేతిలోంచి పెన్సిలు జారి, బల్ల మీంచి దొర్లి కింద పడింది. ఏమైందని అన్నయ్య అడిగాడు. ఏమీ లేదు, రొట్టెలు కానివ్వు, ఆకలేస్తోంది, అంది. ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు ఎక్కణ్ణించో నవ్వు పొంగుకొచ్చింది, ఎందుకో తెలియదు.

శుక్రవారం పొద్దున్నే వదినను లేపింది. పంపు మేస్త్రీ రాకముందే మనిద్దరమే వెళ్ళొద్దామంది. ట్యాంకు అంచుల దాకా నింపించింది. బండి కదిలాక షరతు చెప్పింది.

"ఇవాళ తాతగారు పడుకుంటే నువ్వు మూత ముట్టుకోకూడదు వదినా."

"డీజిల్ ఉందో లేదో చూడొద్దూ?"

"ఇప్పుడే నువ్వే పోశావు. పది నిమిషాల్లో ఎవరు తాగేస్తారు?"

వదిన ఆమెను ఎగాదిగా చూసింది కానీ సరేనంది. పదకొండో నిమిషంలో, వంతెన ఎక్కబోయే ముందు, తాతగారు దగ్గి, నిట్టూర్చి, ఆగారు. వదిన దిగింది. చెయ్యి అలవాటు కొద్దీ మూత మీదికి పోయింది. చిట్టి వెళ్ళి ట్యాంకుకు వీపు ఆనించి నిలబడింది. ముందు మిగతా మందులన్నీ వాడు, అంది. వదిన బోల్టు వదులు చేసి గాలి తీసింది. డీజిలే రాలేదు. సెల్ఫ్ కొట్టింది. లేవలేదు. ఐదు నిమిషాలాగి మళ్ళీ కొట్టింది. ఊహూఁ. తన్ను, అంది చిట్టి. వదిన చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని బేకరీ ఆయన తన్నినట్టే ముందు చక్రాన్ని తన్నింది. కాలి వేలు పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద గెంతింది గానీ ఇంజను లేవలేదు. చిట్టి బానెట్టు మీద చెయ్యేసి, అచ్చం అన్నయ్య గొంతుతో, మా నాయన కదూ, అంది. సైకిలు మీద వస్తున్న ఒకాయన నెమ్మదించి, ఒంటికాలి మీద ఉన్న ఒకావిడనీ లారీని నిమురుతున్న ఇంకొకావిడనీ చూసి, గబగబా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు తియ్యి," అని చిట్టి పక్కకు జరిగింది.

మూత ఒక పట్టాన రాలేదు. వదిన రెండు చేతులతో తిప్పితే వచ్చింది. వస్తూనే ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది. నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలి ఊపిరి తీసుకున్నట్టు, పొడుగ్గా, ఆబగా పీల్చుకుంది. వదిన పరుగున వెళ్ళి సెల్ఫ్ మీద వేలు పెట్టిందో లేదో ఇంజను లేచి కూర్చుంది.

వదిన మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకు ఇంకేం చెప్పనక్కర్లేదు. ట్యాంకులోంచి డీజిల్ పోయినకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. అందుకే మూతకు సూదిమొనంత చిల్లు ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చినప్పుడు నాలుక అంటుకుపోయినట్టు, కాసేపటికి పంపు ఎంత లాగినా చుక్క రాదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటే తక్కువ, ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. డబ్బాకు మూతే లేదు, అందుకే మధ్యాహ్నం దాకా నడిచింది.

మూతను వెలుగుకు ఎత్తి చూశారు. ఎర్రటి ఎరుపు. మూడు పూతలు. మొహం చూసుకోవచ్చు. వెనక్కి తిప్పితే అక్కడా రంగే. గోటితో గీకితే మధ్యలో తెల్లటి చుక్క కనబడింది. లప్పం. ఎవరో చిల్లును లప్పంతో నింపి, రుద్ది, నునుపు చేసి, పైన రంగేశారు. ఆ ఇంట్లో లప్పం ముట్టుకునేది ఒక్కరే.

వదిన మొహం ఎర్రబడింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఫిల్టర్లు. పైపులు. పంపు, రెండుసార్లు. ట్యాంకు దింపడం. నాలుగో వేలి దగ్గర ఆమె పెదవి వణికింది. ఐదో వేలు మడవలేదు. బండి మెట్టు మీద కూలబడి, మూత ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు తర్వాత వచ్చింది.

"చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికానే చిట్టీ. నేను చేత్తో పట్టుకుని చూళ్ళేదు. నువ్వు పుస్తకం మీద పెట్టుకుని చూళ్ళేదు. ఆయన మాత్రం కళ్ళు పెట్టి వెతికి మరీ పూడ్చాడు."

చిట్టి పక్కన కూలబడింది. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టి, ఇద్దరూ పావుగంట సేపు లేవలేదు. వెనక ఇంజను వాళ్ళతో పోటీగా గడగడలాడుతూనే ఉంది. చివరికి వదిన తలలోంచి పిన్ను తీసి, దాని మొనతో లప్పం గుచ్చి గుచ్చి చిల్లు తెరిచింది. మూత బిగించింది.

ఇక బండి ఆగలేదు. ఆగదేమోనని భయపడేంతగా ఆగలేదు. వంతెన దాటింది. వదిన కావాలనే బండి వెనక్కి తిప్పి బేకరీ మీదుగా తోలింది. బేకరీ ఆయన చప్పుడు విని బయటికొచ్చి, కాలెత్తి సిద్ధంగా నిలబడ్డాడు. తాతగారు ఆయన ముందునుంచి దర్జాగా వెళ్ళిపోతుంటే ఆ కాలు కాసేపు గాల్లోనే ఉండిపోయింది. బడి దాటింది. ఊరు దాటింది. హారన్‌కు రబ్బరు బుడ్డి ఉంది, అది నొక్కితే దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టు అరుస్తుంది. చిట్టి ఎదురొచ్చిన ప్రతి మనిషికీ, ప్రతి చెట్టుకూ దాన్ని నొక్కింది. ఇంజను హోరులో వినబడదని ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకున్నారు, మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయినా. గంటా నలభై నిమిషాలు తిరిగారు.

ఇంటి మలుపులో వదిన బండి నెమ్మది చేసింది.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. ఆయనకు తెలిస్తే వారం రోజులు తిండి మానేస్తారు. మేస్త్రమ్మ మూడు వారాలు మూత తిప్పి చూడలేదని ఊళ్ళో తెలిస్తే నాకు లారీ కాదు, తోపుడు బండి కూడా ఎవడూ అప్పగించడు."

చిట్టి ఒట్టేసింది. ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో భోజనాల దగ్గర తెలిసింది. ఇంతకీ ఏమిటి రోగం అని అన్నయ్య అడిగాడు. దానికి ఊపిరాడలేదండీ, అంది వదిన, పళ్ళెంలోంచి తలెత్తకుండా. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడే వచ్చిన పంపు మేస్త్రీ తొడ చరిచి, మొదటి రోజే గాలి అన్నానా లేదా అక్కా, అన్నాడు. అన్నయ్య కూడా తగ్గకుండా, పొద్దున్నే లేచి నేను దాని చెవిలో ఓ మాట చెప్పానులే, అన్నాడు. చిట్టికి మంచినీళ్ళు పొలమారాయి. ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను, అని అన్నయ్య లేచొచ్చి ఆమె నెత్తి మీద మెల్లగా తట్టాడు. వదిన ఇంకో రొట్టె తెస్తానని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. లోపల గిన్నెలు చప్పుడు చేస్తున్నాయి, అవసరమైనదానికంటే ఎక్కువగా.

ఆదివారం పొద్దున ఇటుకల బట్టీ ఆసామి తెల్లబట్టల్లో వచ్చాడు. భారీ మనిషి. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ముక్కు గట్టిగా చీదాడు. పంపు మేస్త్రీ ఆయనకు పంపు గురించి వివరంగా చెబుతున్నాడు. అన్నయ్య మెత్తటి గుడ్డతో చివరిసారిగా అద్దాలూ దీపాలూ తుడుస్తూ, అలా అలా ట్యాంకు దగ్గరికి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. వదిన చిట్టి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అన్నయ్య మూత విప్పి, రెండు అరచేతుల్లో చచ్చిపోయిన పిట్టను పట్టుకున్నట్టు పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చాడు. గొంతెత్తే మనిషి కాదు. అప్పుడూ ఎత్తలేదు.

"ఎవరో గుచ్చారు," అన్నాడు. "మూడు పూతలేసిన మూత. మేకు పెట్టి గుచ్చారు."

పోనిద్దురూ బావా, చిన్న గీతే కదా, అని పంపు మేస్త్రీ సర్దబోయాడు. దాంతో అన్నయ్యకు ఇంకా బాధేసింది.

"నీకు తెలియదయ్యా. అక్కడ ముందే ఒక తుప్పు చిల్లు ఉండేది. దాన్ని లప్పంతో నింపి, కనబడకుండా నునుపు చేయడానికి నాకొక పూట పట్టింది. కొత్త రబ్బరు వాషరు కూడా కోసి వేశాను, గాలి కూడా దూరకుండా. సరిగ్గా ఆ చోటే చూసి గుచ్చారు."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నవాడి కథ అందరికీ తెలుసు. ఇక్కడ దొంగెవరని ఎవరూ అడగనేలేదు. ఆయనే వచ్చి, ఇదిగో నా భుజం మీద బూడిద అంటింది చూడండి అన్నట్టుంది. పంపు మేస్త్రీ చూపు మూత మీంచి ట్యాంకు మీదికీ, ట్యాంకు మీంచి వదిన మీదికీ పోయింది. ఆ చిల్లు మీరు ఎప్పుడు పూడ్చారని ఆసామి నెమ్మదిగా అడిగాడు. బండి మొదటిసారి బయటికి తీసే ముందు రోజని అన్నయ్య చెప్పాడు. చెప్పి, ఎందుకడిగారన్నట్టు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. చెల్లెలి మొహం దగ్గరికి వచ్చేసరికి చిట్టి చీర కొంగు నోట్లో కుక్కుకుంటోంది. అప్పుడు అర్థమవడం మొదలైంది. చెవుల దగ్గర మొదలై మెడ మీదుగా చొక్కాలోకి దిగిన ఆ ఎరుపు ముందు మూత ఎరుపు వెలవెలబోయింది.

వదిన ముందుకొచ్చింది. రెండు రోజులు దాచిన మాట అరక్షణంలో చెప్పేసింది.

"ఆసామి గారూ, బండి ఆగిన ప్రతిసారీ ఆ మూత తీసి పెట్టింది నేను. ఒక్కసారైనా తిప్పి చూడలేదు. ఆయన పూడ్చింది చిల్లు, నేను పూడ్చుకుంది కళ్ళు. తప్పు నాదనే రాసుకోండి."

ఆసామి ఆమె మాటలు విన్నాడో లేదో తెలియదు. ఆయన భుజాలు అప్పటికే ఊగుతున్నాయి. తెల్లబట్టలు మాసిపోతాయని కూడా చూసుకోకుండా బండి మెట్టు మీద కూర్చుని, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పంపు రెండుసార్లు విప్పాను బావా, రెండుసార్లు, అంటూ పంపు మేస్త్రీ అన్నయ్య భుజం పట్టుకుని వేలాడాడు. చిట్టి సరేసరి, రెండు రోజులుగా బిగబట్టిందంతా ఒక్కసారి వదిలేసింది.

ఆ గోలంతా అయ్యాక అన్నయ్య భార్యను పక్కకు పిలిచి, నాకెందుకు చెప్పలేదని అడిగాడు. తిండి మానేస్తారని, అంది వదిన. అన్నయ్య నిజాయితీగా ఆలోచించాడు. మానేసేవాణ్ణే, అన్నాడు. తర్వాత మూత వంక చూసి, అయినా చిల్లు అంటే ఇలాగా పొడిచేది, అని షెడ్డులోకి నడిచాడు. ఆసామి గడియారం చూసుకుంటుంటే, అందరూ వెళ్ళి గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఆయన మూతను బిగింపులో పెట్టి, సన్నటి డ్రిల్లుతో ఆ చిల్లును తిన్నగా, గుండ్రంగా సరిచేసి, అంచుకు కుంచె కొసతో సన్నటి రంగు దిద్ది, ఆరేదాకా ఊదాడు. అది ఆరడానికి ముప్పావుగంట పట్టింది. ఎవరూ తొందరపెట్టే సాహసం చేయలేదు.

అప్పటికే ఆలస్యమైంది. అయినా ఆసామి, దారిలో మా బట్టీ దగ్గర ఒక్క నిమిషం ఆపుదాం, మా అక్కకు చూపించి పోదాం, అన్నాడు. ఆయన స్టీరింగు పట్టుకున్నాడు, వదిన పక్కన కూర్చుంది, మిగతా ముగ్గురూ వెనక తొట్టిలో. అక్క ఎనభై ఒక్కేళ్ళ మనిషి. బట్టీ పక్కన ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని ఉంది. బండి చప్పుడు మలుపు అవతల వినబడగానే లేచి నిలబడింది. దగ్గరికి వచ్చాక చెయ్యి చాచి, ముక్కు మీద ఆకుపచ్చ రంగును తట్టి చూసింది. కూర్చున్న కుర్చీని తనే లాక్కొచ్చి బండి వెనక వేసి, దాని మీదికెక్కి, అన్నయ్య భుజం ఒకటీ చిట్టి భుజం ఒకటీ ఊతగా పట్టుకుని తొట్టిలోకి ఎక్కేసింది. ముందు సీటు ఖాళీ చేస్తామన్నా వినలేదు. ఇటుకల మీద కూర్చుని తిరిగినదాన్ని, నాకు ముందు సీట్లోంచి ఏం కనబడుతుందంది.

బట్టీ చుట్టూ ఒక చుట్టు తిప్పారు. అక్క చెక్క అంచు పట్టుకుని నిలబడింది. జుట్టు ముడి ఊడిపోయింది. ఆపుతుంటే, ఇంకొకటి అంది. ఇంకొకటి తిప్పారు. గుంట వచ్చిన చోట బండి ఎగిరిపడితే అందరూ కెవ్వుమన్నారు, ఆమె మాత్రం, అప్పట్లో ఇంకా ఎత్తు ఎగిరేది, తోలడం రాదు వీడికి, అంది. మూడో చుట్టులో పంపు మేస్త్రీ పాటెత్తుకున్నాడు. నాలుగో చుట్టుకు పనివాళ్ళు ఇటుకలు దించేసి గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఐదో చుట్టులో ఆసామి కిటికీలోంచి తల బయటపెట్టి, అక్కా, ప్రదర్శన మొదలై గంటయింది, అని అరిచాడు.

"అయితే నిదానంగా ఎందుకు పోతున్నావురా?" అంది అక్క.

ఆ రోజు వాళ్ళెవరూ ప్రదర్శనకు చేరలేదు. మధ్యాహ్నం దాకా ఇటుకల దుమ్ములో చుట్లు తిరుగుతూనే ఉన్నారు. పదో చుట్టో పదకొండో చుట్టో, లెక్క అప్పటికే తప్పిపోయింది, అన్నయ్య తొట్టిలో ముందుకు వంగి, క్యాబిన్ పైకప్పు మీద దరువేస్తూ, జీవితంలో మొదటిసారి గొంతెత్తి, ఇంకొంచెం గట్టిగా తొక్కండి ఆసామి గారూ, అని అరిచాడు.